మూడో సిలిండరు

సోమవారం. రేవుమెట్ట.

నీలి బండి కొడుతోంది.

పొద్దున ఉప్పు బస్తాలు ఎక్కించుకుని మంచుపాడుకి బయల్దేరాం. పాత టోల్‌గేటు దాటి ఘాటు రోడ్డు మొదటి మలుపు ఎక్కుతుండగా ఇంజనులో చప్పుడు మొదలైంది. టక్. టక్. టక్. మూసిన గదిలోంచి ఎవరో తలుపు తడుతున్నట్టుంది. జైనబక్క యాక్సిలరేటరు మీంచి కాలు తీసింది. చప్పుడు తగ్గింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ వచ్చింది.

"విన్నావా?" అంది.

"విన్నాను."

"హమ్మయ్య. నా చెవే మోగుతోందేమో అనుకున్నా."

బండి వెనక్కి తిప్పాం. ఉప్పు దించేశాం.

జైనబక్క ఈ బండి పట్టి నా వయసంత కాలమైంది. నేను దీని దినచర్య రాస్తాను. ప్రతి బండికీ నడిపేవాళ్ళు ఒకరు, రాసేవాళ్ళు ఒకరు ఉండాలని దారి సంఘం నియమం. మాట్లాడే బండ్లున్న రోజుల్లో తమకేం నొప్పో బండ్లే చెప్పేవట. ఆకాశం ఎర్రబడిన ఏడాది అవన్నీ ఒక్క పూటలో మూగబోయాయి. మా వీధి చివర ఒకటి ఇంకా నిలబడి ఉంది. దాని డిక్కీలో జైనబక్క కోళ్ళు పొదుగుతాయి. నీలి బండి అంతకన్నా పాతది. దానికి మొదట్నించీ మాటలు రావు, అందుకే బతికింది.

సాయంత్రం చేసిన పనులు: కోళ్ళకి నూకలు వేశాను. రేడియేటరులో నీళ్ళు పోశాను. బండి తాగే కానుగ నూనెని వడగట్టే ఫిల్టరు గుడ్డ ఉతికి ఆరేశాను. కాగితం ఫిల్టర్లు పోయిన చలికాలంతో అయిపోయాయి.

మంగళవారం. రేవుమెట్ట.

భూషణం మేస్త్రి గారు వచ్చారు. ఆయన మెడలో ఎప్పుడూ ఒక మీటరు వేలాడుతుంది. ఒకప్పుడు దాన్ని బండికి తగిలిస్తే రోగం పేరు తెర మీద వచ్చేదట. ఇప్పుడా తెరలో మన మొహం కనిపిస్తుంది, అంతే. అయినా ఆయన ముందు దాన్ని బానెట్ మీద పెట్టి, కాసేపు చూసి, అప్పుడే పానా తీస్తారు.

"ఏమంటోంది మేస్త్రీ నీ మీటరు?" అని జైనబక్క అడిగింది.

"నీకు నోరెక్కువంటోంది."

ఇంజను స్టార్టు చేయించి, కాస్త రేజ్ చేయించి విన్నారు. తల అడ్డంగా ఊపారు.

"కనెక్టింగ్ రాడ్ బేరింగు. అరిగిపోయింది."

జైనబక్క బండి తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది.

బేరింగైతే ఏమవుతుందో ఇక్కడ అందరికీ తెలుసు. రాడ్ కొడుతున్న బండిని ఘాటు ఎక్కనివ్వరు. పోయినేడు ఒక బండికి ఎత్తు ఎక్కుతుండగానే రాడ్ విరిగి ఇంజను పగిలింది, వెనక్కి దొర్లి లోయలో పడింది. నియమం అప్పుడు పెట్టారు. అది తప్పు కాదు. కొత్త బేరింగు చేసేవాళ్ళు ఈ తీరంలో లేరు. కాబట్టి శనివారం సంఘం సభలో నీలి బండిని విప్పమంటారు. దాని హెడ్డు, పంపు, నూనె చిమ్మే నాజిళ్ళు ఉప్పుమడుల ఇంజనుకి వేస్తారు.

మంచుపాడుకి వెళ్ళే బండి ఇదొక్కటే. ఉప్పూ, ఎండుచేపా, మందులూ పైకి తీసుకెళ్ళి అక్కడ పండే చోళ్ళు కిందికి తెస్తాం. ఈ దారి మూసేస్తే వానలకి ముందే పైవాళ్ళంతా కొండ దిగాలి. మదర్ సెలిన్ గారి స్కూలు కూడా దిగాలి. నేను అక్కడి కాన్వెంటులోనే పెరిగాను, అందుకే ఇక్కడ నన్ను సిస్టరమ్మ అంటారు. కొండ దిగిన స్కూలు మళ్ళీ ఎక్కదు.

మేస్త్రి గారు వెళ్ళాక జైనబక్కతో అన్నాను.

"ఆయన చెప్పింది నిజం కావచ్చు. కానీ ఇంకా తేలలేదు."

"ఆయన ముందు అనలేకపోయావా?"

నలుగురున్న చోట నా గొంతు రాదు. ఆ సంగతి అక్కకి తెలుసు.

బుధవారం. రేవుమెట్ట.

మంచుపాడు లైబ్రరీలో నవలలన్నీ అయిపోయాక నాకు మిగిలింది అట్ట లేని ఒక డీజిలు ఇంజను పుస్తకం. మూడుసార్లు చదివాను. అందులో చప్పుళ్ళ గురించి ఒక అధ్యాయం ఉంది.

చప్పుళ్ళు నాకు కొత్త కాదు. కాన్వెంటులో రాత్రి దీపాలు ఆర్పాక మాట్లాడకూడదు. పడుకుని వరండాలో అడుగులు వినేవాళ్ళం. వచ్చేది ఏ సిస్టరో, కోపంగా ఉన్నారో లేదో, తలుపు తెరవకముందే తెలిసేది.

పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి విన్నాను. ఒకటి, రెండు, నాలుగు ఒకే రకంగా నడుస్తున్నాయి. మూడో సిలిండరు దగ్గర తలుపు తడుతున్నారు.

తర్వాత మేస్త్రి గారిని పిలిపించాం. ఇంజను నడుస్తుండగానే ఒక్కొక్క నాజిలుకి వెళ్ళే పైపు నట్టు కాస్త వదులు చేయాలి. ఆ సిలిండరుకి నూనె అందదు, అది పని మానేస్తుంది. అప్పుడు చప్పుడు పోతే, చప్పుడు దానిదే. చెయ్యి అడ్డం పెట్టకూడదు, ఆ వేగానికి నూనె చర్మంలోకి దూరుతుంది. గుడ్డ చుట్టి చేశాం. ఒకటి ఆపితే కొడుతూనే ఉంది. రెండు ఆపినా అంతే. మూడు ఆపగానే చప్పుడు ఆగిపోయింది.

"నేనన్నదే కదా," అన్నారు మేస్త్రి గారు. "మూడో రాడ్ బేరింగు."

నేను జైనబక్క చెవిలో చెప్పాను. అక్క గట్టిగా అంది.

"సిస్టరమ్మ ఏమంటోందంటే, నాజిలు పాడైనా ఇలాగే ఆగుతుందట."

"సిస్టరమ్మకి నోరు లేదా?"

"ఉంది. అన్నానికి వాడుతుంది. నువ్వు దీనికి జవాబు చెప్పు."

ఆయన గడ్డం గోక్కున్నారు. "ఆగుతుంది. నాజిలు సరిగ్గా చిమ్మకుండా కారుతున్నా కొడుతుంది. కానీ రెండింట్లో ఏదో ఎలా తెలుస్తుంది? ఇంజను దించి చూడాలి. దించితే దించినట్టే, మళ్ళీ ఎక్కించడానికి ప్యాకింగులు లేవు."

నేను మళ్ళీ చెప్పాను. అక్క విని, ఈసారి నవ్వింది.

"మూడో నాజిలు తీసి ఒకటోదాంట్లో పెట్టమంటోంది. ఒకటోది మూడులో. చప్పుడు ఒకటోదానికి మారితే నాజిలు. మూడులోనే ఉంటే బేరింగు. బేరింగు లేచి పక్క గదిలోకి నడిచి వెళ్ళదు కదా అంటోంది."

మేస్త్రి గారు నా వంక చూశారు. నేను పానా వంక చూశాను.

"రేపు పొద్దున," అన్నారాయన.

గురువారం. రేవుమెట్ట.

నాజిళ్ళ కింద రాగి వాషర్లుంటాయి. ఒకసారి నొక్కుకుపోతే గట్టిపడతాయి, మళ్ళీ వాడితే గాలి లీకవుతుంది. కొత్తవి లేవు. పొయ్యిలో ఎర్రగా కాల్చి నీళ్ళలో వేశాను. మెత్తబడ్డాయి. జైనబక్క ఆ పొయ్యి మీదే టీ పెట్టింది.

నాజిళ్ళు మార్చి బిగించాం. ఇంజను స్టార్టు చేశాం.

టక్. టక్. టక్.

మేస్త్రి గారు స్క్రూడ్రైవరు నా చేతికిచ్చారు. నేను విని తిరిగి ఆయనకిచ్చాను. ఆయన మూడో దాని దగ్గర చాలాసేపు విన్నారు. తర్వాత ఒకటో దాని దగ్గర పెట్టారు.

"నడిచింది," అన్నారు. "ఒకటోదానికి నడిచి వెళ్ళింది."

బేరింగు బాగానే ఉంది. జైనబక్క గోడ వైపు తిరిగి ముక్కు చీదుకుంది. పొగ ఎక్కువైందని చెప్పింది.

నాజిలు విప్పాం. లోపలి సూది బంకలో ఇరుక్కుని ఉంది. మొన దగ్గర తుప్పు చాయ. వేడి నూనెలో నానబెట్టి, ఇత్తడి తీగతో రంధ్రాలు శుభ్రం చేసి పెట్టాం. చప్పుడు పూర్తిగా పోయింది. అక్క ఉప్పుమడుల దాకా నడిపి, పాడుకుంటూ తిరిగొచ్చింది. ఆమె పాట కన్నా ఇంజను చప్పుడే బాగుంది. అదే మాట ఆమెతో అన్నాను. కోడిగుడ్డు అట్టులో నా వాటా సగం కోసేసింది.

శుక్రవారం. రేవుమెట్ట.

మళ్ళీ కొడుతోంది.

ఈసారి నాలుగో సిలిండరు. నిన్నటిదాకా అది శుభ్రంగా నడిచింది.

మేస్త్రి గారికి ఈసారి కోపం రాలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. "ఎస్తేరమ్మా," అన్నారు, నేరుగా నాతోనే. "నువ్వు చేసింది సరైన పని. కానీ ముసలి బండి ఇంతే. ఒకటి బాగుచేస్తే ఇంకోటి పట్టుకుంటుంది. రేపు సభలో, ఘాటులో ఇది ఆగదు అని నేను మాట ఇవ్వలేను. నా మాట నమ్మి పైన ఉండిపోయిన పిల్లలకేమైనా అయితే నేను బతకలేను."

ఆయన వెళ్ళాక జైనబక్క బండి మెట్టు మీద కూర్చుంది. కోళ్ళు వచ్చి కాళ్ళ చుట్టూ తిరిగినా పట్టించుకోలేదు.

నేను ఆలోచించాను. ఒకసారి కాన్వెంటులో హాస్టలు పిల్లలందరికీ వాంతులయ్యాయి. ఒక సిస్టరు ఒక్కొక్కరికీ నాడి చూస్తున్నారు. మదర్ సెలిన్ మాత్రం మందుల గదికి కాకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళారు. ఒకరికైతే కడుపు చూడాలి, అందరికీ అయితే గంగాళం చూడాలి అన్నారు.

బండికి గంగాళం ట్యాంకే. కిందికి దూరి, అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి, జాడీ సీసాలోకి పట్టాను. మెట్టు మీద పెట్టి కూర్చున్నాను. కాసేపటికి సీసాలో మూడు వరసలు ఏర్పడ్డాయి. పైన కానుగ నూనె. మధ్యలో తెల్లటి బంక. అడుగున నీళ్ళు.

"నీళ్ళెక్కడివి?" అంది జైనబక్క. "మనం పోసేది పీపాలో తేరిన కిందటేడు నూనె. నా చేత్తో వడగట్టాను."

నేను ఆదివారం సంగతి ఎత్తాను.

కిందటి ఆదివారం గానుగ తెరిచారు. ఆ రోజు ఇక్కడ ఒక ఆనవాయితీ ఉంది. ఆకాశం ఎర్రబడిన ఏడాది, పైన ఉప్పు లేక మనుషులు పడిపోతుంటే, ఈ బండిలో పోయడానికి చుక్క నూనె దొరకలేదట. అప్పుడు ఇంటింటి నుంచీ ఆడవాళ్ళు దీపాల నూనె తలా ఒక గరిటె తెచ్చి ట్యాంకులో పోశారు. ఆ నూనెతోనే జైనబక్క మొదటిసారి ఘాటు ఎక్కింది. అప్పటినుంచి ఏటా గానుగలోంచి వచ్చిన తొలి నూనె గరిటెడు ముందు నీలి బండికి పోసి, తర్వాతే ఇంట్లో వాడతారు. అక్క ఆ రోజు కొత్త చీర కట్టుకుంటుంది.

తొలి నూనె అంటే, కడిగిన గానుగలోంచి అప్పుడే దిగింది. తేరదు, వడగట్టరు. గింజ తడీ, గానుగ తడీ అందులోనే ఉంటాయి. ఇన్నేళ్ళూ కాగితం ఫిల్టరు అదంతా పట్టింది. ఈ ఏడు ఉన్నది గుడ్డ.

చెప్పడం పూర్తి కాకముందే అక్క లేచింది.

"చాలు. ఆ గరిటెల్లో తప్పు వెతక్కు."

"తప్పు కాదక్కా."

"ఆ రోజు వాళ్ళిళ్ళల్లో దీపాలు లేకుండా పడుకున్నారు. నీకేం తెలుసు? నువ్వప్పుడు ఉయ్యాల్లో ఉన్నావు. నీళ్ళు ఇంకెక్కడ్నించో వచ్చాయి."

ఇంట్లోకి వెళ్ళిపోయింది. నేను సీసా తెచ్చి బానెట్ మీద, ఆమె చూసే వైపు పెట్టాను.

శనివారం. రేవుమెట్ట.

నేను లేచేసరికి బండి కింద నేల మీద ట్యాంకు ఉంది. జైనబక్క ఒక్కతే విప్పింది. లోపల గుడ్డతో తుడుస్తోంది. నేను నాలుగో నాజిలు విప్పి శుభ్రం చేశాను. మిగతా మూడూ కూడా విప్పి చేశాను. పైపులు కడిగాం. పీపాలోని పాత నూనె పోశాం. ఇంజను వేస్తే నిండుగా, సాఫీగా నడిచింది.

సభ ఒకప్పటి మాట్లాడే బండ్ల ఛార్జింగ్ షెడ్డులో. వరసగా మూగ స్తంభాలు, వాటి మధ్య బెంచీలు. షెడ్డు బయట అక్క ఆగింది.

"ఇవాళ నీ మాట నేను చెప్పలేను," అంది. "నువ్వన్నది నిజమే. కానీ నా నోటితో రాదు. లోపల రంగమ్మ పిన్ని ఉంటుంది. అందరికన్నా ముందు ఆవిడే పోస్తుంది ఏటా."

రంగమ్మ గారిది గానుగ.

మేస్త్రి గారు తను విన్నది విన్నట్టు చెప్పారు. నాజిలు పరీక్ష నాదని కూడా చెప్పారు. నాలుగోది ఎందుకు పట్టిందో తనకి తెలియదన్నారు. తెలియని రోగమున్న బండిని పంపలేనన్నారు. సంఘం పెద్ద జైనబక్క వైపు చూశాడు. అక్క నా వైపు చూసింది.

నేను లేచాను. సీసా పట్టుకుని వెళ్ళాను, చేతికి ఏదైనా పని ఉంటే గొంతు వస్తుందని. వచ్చింది.

"నాజిళ్ళన్నిటికీ ఒకటే రోగం," అన్నాను. "నీళ్ళు. తొలి నూనెలోవి."

వెనక బెంచీలోంచి ఎవరో, "సిస్టరమ్మ గొంతు ఇలా ఉంటుందా," అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. రంగమ్మ గారు నవ్వలేదు.

"అంటే మా నూనె విషమా?"

"కాదండీ. మీ నూనెతోనే ఈ బండి బతికింది. ఇన్నేళ్ళూ మధ్యలో కాగితం ఉంది, ఇప్పుడు లేదు. పోసేముందు ఒక రాత్రి తేరనిస్తే చాలు. ఇదిగో, అడుగున చూడండి."

సీసా ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ వెలుతురుకి పట్టి చూసింది. ఊపింది. మళ్ళీ వరసలు కట్టేదాకా ఊరుకుంది. నూనె తీసేవాళ్ళకి నూనె గురించి చెప్పాల్సింది ఎక్కువుండదు.

"దీపానికైతే తేరనిస్తాం," అంది చివరికి. "బండికి ఆగలేకపోయాం. వేడివేడిగా పోస్తేనే మర్యాద అనుకున్నాం."

మేస్త్రి గారు సీసా తీసుకుని బల్ల మీద పెట్టారు. ఆయన మీటరు పక్కనే.

"ఇది నాకు సరిపోతుంది," అన్నారు. "రేపు బండిలో నేనూ ఎక్కుతాను. మొదటి మలుపులో కొడితే అక్కడే దిగుతాను. నాతోపాటు ఇంజనూ దిగుతుంది."

"ఒప్పుకుంటున్నాం," అంది జైనబక్క. ఆ మాట గట్టిగానే అంది.

ఆదివారం. మంచుపాడు.

ఎక్కాం.

మేస్త్రి గారు మా ఇద్దరి మధ్య కూర్చుని, స్క్రూడ్రైవరు డాష్‌బోర్డుకి ఆనించి, కళ్ళు మూసుకుని వచ్చారు. వెనక ఉప్పు పూర్తి బరువు. మొదటి మలుపు దగ్గర జైనబక్క ఊపిరి బిగబట్టింది. నేను బిగబట్టలేదు. ఇంజను గొంతు లోతుగా దిగింది, బరువు అందుకుంది, తిరిగింది. తలుపు ఎవరూ తట్టలేదు.

రెండో మలుపు దాటాక మేస్త్రి గారు కళ్ళు తెరిచారు. "పడుకున్నావనుకున్నా," అంది అక్క. "వింటున్నా," అన్నారాయన. "ఇన్నేళ్ళలో ఇంతసేపు ఏ ఇంజనునీ వినలేదు. మీటరు చదవడమే తప్ప."

పొగమంచులో స్కూలు గేటు కనిపించింది. పిల్లలు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళ వెనక మదర్ సెలిన్, కర్ర పట్టుకుని.

"ఎస్తేరూ, చిక్కిపోయావు," అన్నారు.

"అదే బరువు మదర్."

"అయితే అప్పుడూ చిక్కిపోయే ఉన్నావు."

పిల్లల చేతుల్లో గరిటెలున్నాయి. స్కూలు చేతిగానుగ ఇవాళే మొదలుపెట్టారట. నూనె ఇంకా వెచ్చగా ఉంది. నీలి బండి రాకపోతే ఎలా అని సోమవారం నుంచీ ఎదురు చూస్తున్నామని చెప్పారు. వరసగా ట్యాంకు మూత దగ్గర నిలబడ్డారు. అందరికన్నా చిన్నది మునివేళ్ళ మీద నిలబడింది, నూనె తొణక్కుండా.

మేస్త్రి గారు నన్ను చూశారు. నేను నోరు తెరవబోయాను.

జైనబక్క ముందు కదిలింది. క్యాబిన్లోంచి జాడీ సీసా తీసి, చీర కొంగుతో లోపలంతా తుడిచింది. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకుంది.

"ఇందులో పొయ్యి తల్లీ. బండి ఎక్కీ ఎక్కీ అలిసిపోయింది. పొద్దున తాగుతుంది."

పిల్ల పోసింది. తర్వాత మిగతావాళ్ళూ పోశారు. మదర్ కూడా ఒక గరిటె పోశారు. ఎందుకని ఆవిడ అడగలేదు.

సీసా భోజనాల గది కిటికీలో పెట్టాం.

సోమవారం. మంచుపాడు.

తెల్లారాక వెళ్ళేసరికి జైనబక్క కిటికీ దగ్గర నిలబడి ఉంది. అడుగున వేలు మందాన నీళ్ళు. పైన నూనె కొత్త తేనె రంగులో ఉంది.

"ఇన్నేళ్ళూ కాగితం ఓర్చుకుందన్నమాట," అంది.

ఆ నీళ్ళు కదలకుండా, పైనూనె మాత్రం గుడ్డలో వడగట్టి ట్యాంకులో పోసింది. పిల్లలు చుట్టూ నిలబడి చూశారు. అడుగున మిగిలింది గేటు పక్క గులాబీ మొదట్లో పారబోసింది. గులాబీ సంగతికి నేను బాధ్యత తీసుకోను.

తొలి నూనె ముట్టింది. చోళ్ళ బస్తాలు ఎక్కించాం. ఇంజను వేసి, ముగ్గురం బానెట్ ఎత్తి విన్నాం.

మూడో సిలిండరు: చప్పుడు లేదు.